తోలు మీద కుట్టు ఎందుకు తప్పుతుంది?

ఉదయం నుంచి ఆ మిషన్ మీద మోటార్‌సైకిల్ సీటు కవర్లు కుడుతూనే ఉన్నారు. ఒక్క కుట్టు తప్పలేదు. సాయంత్రం డ్యూటీ దిగిన వెల్డర్ ఒకరు తోలు చేతి తొడుగుల జత తెచ్చి బల్ల మీద పెట్టారు. మణికట్టు పైభాగంలో కుట్టు వీడిపోయింది. అదే మిషన్, అదే సూది, అదే దారం. తోలు మీద పెట్టి తొక్కగానే మూడు కుట్లు పడ్డాయి, రెండు తప్పాయి, ఆ వెంటనే దారం తెగింది.

ఇది ఊహించిన దృశ్యమే. అయితే ఖరగ్‌పూర్ లాంటి ఊళ్లో ఊహించడం కష్టం కాదు. పశ్చిమ బెంగాల్‌లోని ఈ పట్టణాన్ని పెంచింది రైల్వేయే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ పెద్ద జంక్షన్‌నూ, దేశంలోని అతి పెద్ద రైల్వే వర్క్‌షాపుల్లో ఒకదాన్నీ నిర్మించింది. హౌరా నుంచి మద్రాసు వైపు వెళ్లే రైలు దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. ఆ దారి వెంట ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. రైలు పెట్టెలు బాగుచేసే చోట వెల్డింగ్ ఉంటుంది. వెల్డింగ్ ఉన్న చోట తోలు తొడుగులు, తోలు ఏప్రన్లు ఉంటాయి. వాటికి కుట్టు వీడిపోతే అది అందం సమస్య కాదు. విడిపోయిన అంచులోంచి ఎర్రగా కాలిన లోహపు రవ్వ నేరుగా చర్మం మీద పడుతుంది.

సీటు కవరు రెక్సిన్‌ను చక్కగా కుట్టిన మిషన్ తోలు దగ్గర ఎందుకు మొరాయించింది? చాలామంది వెంటనే టెన్షన్ నట్టు తిప్పడం మొదలుపెడతారు. అది పని చేయకపోతే మరో స్క్రూ, ఆ తర్వాత ఇంకొకటి. అసలు కారణం మాత్రం చాలాసార్లు స్క్రూల దగ్గర ఉండదు. సూది పక్కన రెండు మిల్లీమీటర్ల ఎత్తులో, సెకనులో ఓ చిన్న భాగం పాటు ఏర్పడే దారపు ఉచ్చు దగ్గర ఉంటుంది. దాన్ని అర్థం చేసుకుంటే మిషన్ మొండితనం చాలావరకు అర్థమైనట్టే.

కుట్టు పడేది సూది పైకి లేచేటప్పుడు

చేతి కుట్టులో సూది మొత్తం గుడ్డ అవతలికి వెళ్లి తిరిగి వస్తుంది. మిషన్‌లో అలా కుదరదు. ఇక్కడ కన్ను సూది మొనకు దగ్గరగా ఉంటుంది. పై దారం సూది కన్నులోంచి వస్తుంది, కింది దారం బాబిన్‌లో ఉంటుంది. ఈ రెండూ పొరల మధ్య ఒకదాన్నొకటి పెనవేసుకుంటేనే కుట్టు. మొన దగ్గర కన్ను ఉన్న సూదికి తోడుగా కింద మరో దారాన్ని నడిపే పద్ధతికి ఎలియాస్ హోవే 1846లో అమెరికాలో పేటెంట్ పొందాడు. తర్వాత కొద్ది ఏళ్లకే అలెన్ విల్సన్ గుండ్రంగా తిరిగే హుక్‌ను తీసుకొచ్చాడు. నేటి పరిశ్రమ మిషన్లలో చాలావాటి కింద తిరిగేది ఆ హుక్ వారసురాలే.

ఒక మిషన్ సూదిని చేతిలోకి తీసుకుని చూడండి. ఒక వైపు పై నుంచి కన్ను దాకా పొడవాటి గాడి ఉంటుంది. రెండో వైపు కన్నుకు కాస్త పైన చెక్కినట్టుగా చిన్న పల్లం ఉంటుంది. సూది దిగేటప్పుడు దారం గాడిలో దాక్కుని రాపిడి లేకుండా కిందికి వెళ్తుంది. అట్టడుగుకు చేరి సూది పైకి లేవడం మొదలుపెట్టగానే కథ మారుతుంది. పల్లం ఉన్న వైపు దారానికి దాక్కునే గాడి లేదు. అది సూదికీ, కుడుతున్న వస్తువుకీ మధ్య నొక్కుకుని ఆగిపోతుంది. సూది లేస్తోంది, దారం లేవలేకపోతోంది. మిగిలిన దారం పక్కకు ఉబ్బి చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. సరిగ్గా ఆ క్షణానికి హుక్ కొన వచ్చి ఆ ఉచ్చులో దూరి, దాన్ని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. టేకప్ లివర్ పైకి లాగి కుట్టును బిగిస్తుంది.

ఆ క్షణం ఎంత చిన్నదో లెక్క కట్టవచ్చు. నిమిషానికి 800 కుట్లు వేస్తున్నామంటే ఒక్కో కుట్టుకు 75 మిల్లీసెకన్లు. సూది మొత్తం 36 మి.మీ. పైకీ కిందికీ కదిలే మిషన్ అనుకుందాం. అట్టడుగు నుంచి అది 2 మి.మీ. లేవడానికి పట్టే సమయం సుమారు 6 మిల్లీసెకన్లు. ఆ లోపు ఉచ్చు తగినంత విచ్చుకోవాలి, హుక్ కొన అక్కడికి చేరాలి. ఉచ్చు ఏర్పడకపోయినా, చిన్నదైనా, పక్కకు వాలినా హుక్ ఖాళీగా తిరిగి వెళ్లిపోతుంది. మనం దాన్నే ‘కుట్టు తప్పింది’ అంటాం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఉచ్చును తయారుచేసేది మిషన్ ఒక్కటే కాదు. దారాన్ని పట్టి ఆపే వస్తువు కూడా అందులో భాగమే. వస్తువు మారితే ఉచ్చు మారుతుంది. రెక్సిన్ దగ్గర బాగున్న అమరిక తోలు దగ్గర చెడిపోవడానికి మూలం ఇదే.

తోలు మందపాటి గుడ్డ కాదు

గుడ్డ అంటే పడుగు, పేక. సూది వచ్చినప్పుడు నూలు పోగులు పక్కకు జరిగి దారి ఇస్తాయి, సూది వెళ్లాక మళ్లీ దగ్గరవుతాయి. చాలా రకాల రెక్సిన్‌కు కూడా అడుగున గుడ్డే ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది.

తోలు నిర్మాణం వేరు. అందులో ప్రధానంగా ఉండేది కొలాజెన్ అనే ప్రొటీన్. మూడు పోగులు పురిపెట్టిన తాడులా ఉండే ఈ అణువు ఆకృతిని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. ఈ అణువులు కలిసి సన్నని పోగులుగా, పోగులు కట్టలుగా మారి, అన్ని దిక్కులకూ అల్లుకుపోయిన చిక్కటి వలలా చర్మం తయారవుతుంది. చర్మశుద్ధిలో ఈ పోగుల మధ్య రసాయన బంధాలు పడి, కుళ్లిపోయే చర్మం నిలిచి ఉండే తోలుగా మారుతుంది. ఈ శాస్త్రాన్ని పల్లెల్లోని చర్మకారుల దాకా తీసుకెళ్లాలని తపించిన శాస్త్రవేత్త మన తెలుగువాడే. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టర్‌గా పనిచేశారు.

ఈ అల్లిక వల్ల కుట్టేవారికి మూడు చిక్కులు వస్తాయి. మొదటిది, పోగులు పక్కకు జరగవు. గుండ్రటి మొన ఉన్న సూది వాటిని బలవంతంగా నెట్టుకుంటూ పోవాలి. రెండోది, తోలు సాగి, సూదిని గట్టిగా పట్టుకుంటుంది. సూది లేచేటప్పుడు దానితో పాటు తోలు కూడా పైకి లేస్తుంది. దారమూ, తోలూ, సూదీ కలిసి లేస్తే దారాన్ని ఆపేవాళ్లు ఎవరు? ఉచ్చు విచ్చుకోదు. తోలు మీద కుట్లు తప్పడానికి తరచుగా కనిపించే కారణాల్లో ఇది ముఖ్యమైనది. మూడోది, తోలులో పడిన రంధ్రం మూసుకోదు. తప్పు కుట్టు విప్పి మళ్లీ కుడితే పాత రంధ్రాలు అలాగే ఉంటాయి, కొత్తవి వాటికి తోడవుతాయి. అందుకే తోలు పనిలో సరిచూసుకోవడమంతా తుక్కు ముక్క మీద జరగాలి, అసలు వస్తువు మీద కాదు.

దీనికి వానాకాలం కూడా తోడవుతుంది. తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో దాని మెత్తదనమూ, రాపిడీ మారతాయి. నైలాన్ దారం కూడా కొంత తేమ పీల్చుతుంది, పాలియెస్టర్ చాలా తక్కువ. ఎండాకాలంలో కుదిరిన అమరిక ఖరగ్‌పూర్ జులై వానల్లో కుదరకపోతే ఆశ్చర్యపడక్కర్లేదు.

మొదట మార్చాల్సింది సూది

మన కథలోని మిషన్‌లో ఉన్నది గుడ్డకూ, రెక్సిన్‌కూ వాడే గుండ్రటి మొన సూది. అడుగు గుడ్డ పోగులు తెగకుండా నెట్టుకుంటూ పోవడానికి అది సరైనదే. తోలుకు కావలసింది కోసే మొన. తోలు సూదుల మొనను చిన్న ఉలిలా చెక్కుతారు. అది పోగులను నెట్టదు, సన్నని చీలిక కోస్తుంది. తక్కువ బలంతో దిగుతుంది, లేచేటప్పుడు తోలును వెంట లాక్కురావడం తగ్గుతుంది. ఇదే సూదిని తిరిగి రెక్సిన్ మీద వాడితే మాత్రం అడుగు గుడ్డ పోగులు తెగి కుట్టు వెంట చిరిగిపోయే ప్రమాదం ఉంది.

కోసే మొనల్లో కూడా రకాలున్నాయి. కొన్ని కుట్టు వరస వెంటే చీలిక వేస్తాయి. కొన్ని సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా వేస్తాయి. తేడా ఏమిటి? 1.4 మి.మీ. వెడల్పు చీలిక వరస వెంటే పడిందనీ, కుట్టు పొడవు 2 మి.మీ. అనీ అనుకుందాం. రెండు చీలికల మధ్య మిగిలే తోలు 0.6 మి.మీ. మాత్రమే. తపాలా బిళ్లల మధ్య రంధ్రాల వరసలాగే అది చింపడానికి సిద్ధంగా ఉంటుంది. కుట్టు పొడవు 4 మి.మీ. చేస్తే 2.6 మి.మీ. తోలు మిగులుతుంది. చీలిక ఏటవాలుగా ఉంటే వరస వెంట అది ఆక్రమించే చోటు సుమారు 1 మి.మీ.కి తగ్గుతుంది. గుడ్డలో కుట్లు దగ్గర దగ్గరగా వేస్తే సాధారణంగా బలం. తోలులో మరీ దగ్గరగా వేస్తే బలహీనత.

సూది నంబరు కూడా చూడాలి. మెట్రిక్ పద్ధతిలో 110 అంటే సూది కాండం వ్యాసం 1.10 మి.మీ., 140 అంటే 1.40 మి.మీ. టైలర్లు వాడే పాత లెక్కలో ఇవి 18, 22 నంబర్లు. దారాన్ని టెక్స్‌లో కొలుస్తారు. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్స్. 70 టెక్స్ దారానికి 110 సూది, 135 టెక్స్ దారానికి 140 లేదా అంతకంటే ఒక మెట్టు లావు సూది అన్నది మామూలు జత. దారానికి సూది చిన్నదైతే దారం గాడిలో పట్టదు, కన్ను దగ్గర ఒరుసుకుని పీచు లేస్తుంది. సూది మరీ పెద్దదైతే రంధ్రం వదులై దారాన్ని పట్టి ఆపే శక్తి తగ్గుతుంది, ఉచ్చు చిన్నదవుతుంది. రెండు వైపులా ప్రమాదమే.

లావు సూదికి ఒక లాభం ఉంది. కడ్డీ వంగకుండా నిలిచే గుణం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 110 నుంచి 140కి వెళ్తే వ్యాసం పెరిగేది సుమారు 27 శాతమే అయినా గట్టిదనం దాదాపు 2.6 రెట్లవుతుంది. గట్టి తోలులో సన్న సూది కొద్దిగా పక్కకు వంగినా హుక్‌కు ఉచ్చు అందదు, లేదా సూది హుక్‌కు తగిలి విరుగుతుంది. వెనక నుంచి తోలును చేత్తో లాగే అలవాటు కూడా సూదిని ఇలాగే వంచుతుంది.

హుక్: కాగితం మందంలో కొలత

సరైన సూదిని సరైన వైపుకు తిప్పి, పైదాకా తోసి బిగించిన తర్వాత కూడా కుట్లు తప్పుతుంటే అప్పుడు హుక్‌ను చూడాలి. కుట్టు పలకను విప్పి, చేతి చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. సూది అట్టడుగుకు దిగి, మళ్లీ సుమారు 2 నుంచి 2.5 మి.మీ. లేచేసరికి హుక్ కొన సూది మధ్యకు రావాలి. అప్పుడు ఆ కొన కన్ను పై అంచుకు ఒకటిన్నర, రెండు మి.మీ. పైన ఉండాలి. ఖచ్చితమైన అంకె ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. ఆ మిషన్ పుస్తకంలోదే ప్రమాణం.

హుక్ ముందుగా వస్తే ఉచ్చు ఇంకా విచ్చుకోలేదు. ఆలస్యంగా వస్తే ఉచ్చు వాలిపోయి ఉంటుంది, లేదా కన్ను పైకి వచ్చేసి ఉంటుంది. రెండింటి ఫలితం ఒకటే, కుట్టు తప్పడం.

సూదికీ హుక్ కొనకూ మధ్య సందు సుమారు 0.05 నుంచి 0.1 మి.మీ. మనం రాసుకునే మామూలు కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. అంటే కాగితం పట్టీ పట్టనంత, కానీ ఒరుసుకోనంత. సూది 110 నుంచి 140కి మారితే ఒక్కో పక్కకు 0.15 మి.మీ. లావు పెరుగుతుంది. అది మొత్తం సందు కంటే ఎక్కువ! సూది పల్లం లోతును బట్టి కొంత తేడా ఉన్నా, సూది సైజు బాగా మార్చినప్పుడు సందును మళ్లీ చూడాల్సిందేనన్నది దీన్నుంచి వచ్చే పాఠం. చూడకపోతే హుక్ కొన సూదికి రాసుకుని మొద్దుబారుతుంది, దాని మీద లేచిన గరుకు తర్వాత దారాన్ని కోస్తుంది.

టెన్షన్ బిళ్లలు, చుట్టు లెక్క

మంచి కుట్టులో రెండు దారాల ముడి పొరల మధ్యలో దాగి ఉంటుంది. పైన చుక్కల్లా కింది దారం కనిపిస్తే పై దారం బిగువెక్కువ, లేదా బాబిన్ వదులు. అడుగున ఉచ్చులు వేలాడుతుంటే పై దారం వదులు. కింద దారం చిక్కుపడితే బాబిన్‌ను అనుమానిస్తాం కానీ చాలాసార్లు తప్పు పైనే ఉంటుంది. దారం టెన్షన్ బిళ్లల మధ్యలోకి పూర్తిగా దిగకపోవడమో, ఒక గైడ్ వదిలేయడమో జరిగి ఉంటుంది.

ఒక్క గైడ్ వదిలేస్తే అంత తేడా వస్తుందా? వస్తుంది. బిళ్లలు దారాన్ని నొక్కి ఆపుతాయి. వంపు తిరిగిన గైడ్లు, స్తంభాలు మాత్రం బిగువును గుణిస్తాయి. ఓడను రేవులో కట్టేవాళ్లు లావు తాడును ఇనుప గుంజకు రెండు మూడు చుట్లు వేసి ఒక చేత్తో పట్టుకోగలగడానికి కారణం ఇదే. రాపిడి గుణకం 0.2 అనుకుంటే, సగం చుట్టుకు బిగువు దాదాపు 1.9 రెట్లు, పూర్తి చుట్టుకు 3.5 రెట్లు అవుతుంది. అంటే దారం ఒక స్తంభం మీద సగం చుట్టు ఎక్కువ తిరిగితే, టెన్షన్ నట్టును ముట్టుకోకుండానే బిగువు దాదాపు రెట్టింపు. అందుకే నట్టు తిప్పేముందు దారాన్ని పూర్తిగా తీసి, ఫుట్ ఎత్తి, మొదటి నుంచి మళ్లీ ఎక్కించాలి. ఫుట్ ఎత్తినప్పుడే బిళ్లలు విడివడి దారం లోపలికి దిగుతుంది.

ముడి దాగాలంటే చోటు కూడా కావాలి. 135 టెక్స్ దారం మందం సుమారు 0.4 మి.మీ. ఒక్కో మి.మీ. మందం ఉన్న రెండు పొరల మధ్య రెండు లావు దారాల ముడి దాగడానికి ఉన్న వెసులుబాటు తక్కువ. అటువంటి చోట ఎంత తిప్పినా ముడి పైకో కిందికో తొంగిచూస్తుంది. ఇది మిషన్ తప్పు కాదు. దారం సన్నది చేయాలి.

పొరలు కలిసి నడవాలి

మామూలు మిషన్‌లో వస్తువును ముందుకు నడిపేది కింది పళ్లు మాత్రమే. పై ఫుట్ నొక్కి పట్టుకుంటుంది, అంతే. తోలు మీద ఆ ఫుట్ అంటుకుని ఆపుతుంది. కింది పొర ముందుకు పోతుంది, పై పొర వెనకబడుతుంది. చివరికి ఒక అంచు పొడుగు, ఒక అంచు పొట్టి. అందుకే తోలు పనికి వాకింగ్ ఫుట్ మిషన్ ఎంచుకుంటారు. అందులో ఫుట్ అడుగులు వేస్తుంది. కొన్ని మిషన్లలో సూది కూడా తోలులో ఉండగానే దానితో పాటు ముందుకు కదిలి, పొరలను మేకు కొట్టినట్టు కలిపి నడిపిస్తుంది.

ఫుట్ మీద స్ప్రింగ్ ఒత్తిడికి రెండు పనులున్నాయి. వస్తువు జారకుండా చూడటం ఒకటి. సూది లేచేటప్పుడు తోలు లేవకుండా పట్టి ఉంచడం రెండోది, అది ఉచ్చు కోసం. కుట్టే చోట తోలు సూదితో పాటు ఎగిరెగిరి పడటం కంటికి కనిపిస్తే ఒత్తిడి పెంచాలి. పెంచగా ఫుట్ గుర్తులు పడితే కొంచెం తగ్గించాలి. ఈ రెండు హద్దుల మధ్యే సరైన అమరిక ఉంటుంది.

వేగం, వేడి, బలం

దారం తెగినప్పుడు పారేయకుండా దాని కొసను చూడండి. అది సాక్ష్యం. కొస కుంచెలా పీచు లేచి ఉంటే ఎక్కడో ఒరుసుకుంది. సూది చిన్నదై ఉండవచ్చు, కన్ను గరుకై ఉండవచ్చు. కత్తిరించినట్టు శుభ్రంగా తెగితే హుక్ మీదో, కుట్టు పలక రంధ్రం అంచు మీదో పదును లేచి ఉండవచ్చు. కొస కరిగి చిన్న గట్టి గుండులా ఉంటే కారణం వేడి.

సూది వేడెక్కేది రాపిడి వల్లే. పాలియెస్టర్ సుమారు 250–260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. నైలాన్‌లో ఒక రకం కూడా అంతే, మరో రకం ఇంకా ముందే, 220 దగ్గర కరుగుతుంది. చాలా వేగంగా నడిచే పరిశ్రమ మిషన్లలో సూది 200 డిగ్రీలు దాటడం మామూలే. కుడుతున్నంతసేపూ దారం కదులుతూ చల్లబరుస్తుంది. మిషన్ ఆపిన క్షణంలో మాత్రం వేడి సూదికి ఆని ఉన్న దారం కరిగి తెగవచ్చు. వేగం తగ్గించడం, కోసే మొన సూది వాడటం, దారానికి కొద్దిగా సిలికాన్ నూనె పట్టించడం పరిష్కారాలు.

ఒక కుట్టు బిగుసుకునే లోపు హుక్ అనేక సెంటీమీటర్ల దారాన్ని బాబిన్ చుట్టూ లాగి మళ్లీ వదులుతుంది. కుట్టులో మిగిలేది కొన్ని మిల్లీమీటర్లే. అంటే ఒకే చోటు ఎన్నోసార్లు సూది కన్నులోంచి అటూ ఇటూ జారాకే కుట్టులోకి చేరుతుంది. కన్నులో చిన్న గరుకు కూడా దారాన్ని అంతగా దెబ్బతీయడానికి కారణం ఇదే.

వేగం తగ్గిస్తే మరో సమస్య వస్తుంది. పాత క్లచ్ మోటార్లు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి. క్లచ్ కొంచెం కొంచెం పట్టిస్తూ నెమ్మదిగా నడపడం అనుభవం ఉన్న కాలికే సాధ్యం. మందపాటి తోలు దగ్గర మిషన్ ఆగిపోతే, చాలామంది ఇంకా గట్టిగా తొక్కుతారు. అప్పుడది ఒక్కసారిగా దూసుకుపోతుంది. మోటార్ దగ్గర చిన్న పుల్లీ, మిషన్ దగ్గర పెద్ద పుల్లీ పెడితే ఇది తేలికవుతుంది. వేగం మూడో వంతుకు తగ్గించే అమరికలో, నష్టాలు వదిలేస్తే, తిప్పే బలం మూడు రెట్లవుతుంది. సర్వో మోటార్ అయితే తక్కువ వేగంలో కూడా అదుపుగా నడుస్తుంది.

ఏ వరసలో వెతకాలి

ఇప్పటివరకు చూసినదంతా కలిపితే ఒక వరస వస్తుంది. చవకైన, తిరిగి మామూలుగా చేయగలిగిన మార్పులు ముందు. స్క్రూ విప్పాల్సినవి చివర.

1. స్విచ్ ఆపండి. క్లచ్ మోటార్ స్విచ్ ఆపాక కూడా కొన్ని క్షణాలు తిరుగుతుంది. అది పూర్తిగా ఆగాకే సూది దగ్గర చేయి పెట్టాలి.
2. కొత్త సూది వేయండి. మొన రకం, నంబరు, తిప్పిన వైపు సరిచూడండి.
3. దారం మొత్తం తీసి మళ్లీ ఎక్కించండి. బాబిన్ కేసులో ఇరుక్కున్న దారపు పీచు, తోలు పొడి తుడవండి.
4. తుక్కు తోలు ముక్క మీద, చేతి చక్రంతో పది కుట్లు వేసి చూడండి. నెమ్మదిగా సరిగ్గా పడి, వేగంలో తప్పితే వేడినో, ఒత్తిడినో అనుమానించాలి. నెమ్మదిగా కూడా తప్పితే సూదినో, హుక్‌నో అనుమానించాలి.
5. ఫుట్ ఒత్తిడి, ఆ తర్వాత పై టెన్షన్, అప్పటికీ కాకపోతే బాబిన్ టెన్షన్.
6. ఇవన్నీ అయ్యాకే హుక్ సమయం, సందు.

వీటన్నిటి కంటే ముఖ్యమైన నియమం ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చే ముందు స్క్రూ ఎక్కడ ఉందో సుద్దతో గీత పెట్టాలి. మార్పు పని చేయకపోతే దాన్ని తిరిగి గీత దగ్గరికి తెచ్చి, అప్పుడే మరొకటి ముట్టుకోవాలి. ప్రయోగశాలలో ఒక అంశాన్ని మార్చి మిగిలినవాటిని స్థిరంగా ఉంచే పద్ధతి ఇదే. మూడు స్క్రూలు ఒకేసారి తిప్పినవారికి మిషన్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. రేపు మళ్లీ చెడితే మొదటికే రావాలి.

మళ్లీ ఆ తొడుగు దగ్గరికి

మన వెల్డర్ తొడుగుకు ఇంకో ప్రశ్న మిగిలింది. సూది మార్చి, ఒత్తిడి పెంచి, తుక్కు ముక్క మీద కుట్టు చక్కగా పడిందనుకుందాం. ఏ దారంతో కుట్టాలి? సీటు కవరుకు వాడిన నైలాన్ దారం చూడటానికి గట్టిగానే ఉంటుంది. వెల్డింగ్ రవ్వ తగిలితే తోలు మాడి నిలుస్తుంది, నైలాన్ కరిగి జారిపోతుంది. ఒక్క కుట్టు కరిగితే దాని పక్క కుట్లు వదులవుతాయి. తోలు ఎంత మంచిదైనా తొడుగు అక్కడే తెరుచుకుంటుంది.

అందుకే వెల్డింగ్ తొడుగులను అరమిడ్ దారంతో కుడతారు. మార్కెట్లో దీన్ని కెవ్లార్ అనే బ్రాండు పేరుతో ఎక్కువమంది ఎరుగుదురు. డ్యూపాంట్ సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త స్టెఫనీ క్వోలెక్ 1965లో చేసిన పరిశోధన నుంచి పుట్టిన పదార్థం ఇది. వేడికి కరగదు. చాలా ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద నేరుగా విచ్ఛిన్నమవుతుంది. మంచి తొడుగుల్లో కుట్టు అంచుల మధ్య సన్నని తోలు పట్టీ కూడా పెట్టి, రవ్వలు దారాన్ని తాకకుండా చూస్తారు. పాత తొడుగును బాగుచేసేటప్పుడు ఆ పట్టీని కూడా తిరిగి పెట్టాలి. తోలే పలచబడి గట్టిపడి ఉంటే కుట్టు వేయకుండా కొత్తది తీసుకోమని చెప్పడమే సరైన పని.

అరమిడ్ దారం నైలాన్‌లా సాగదు. సాగని దారం బిగువులో వచ్చే చిన్న తేడాలను దాచుకోలేదు. దాని ఉచ్చు వేరుగా విచ్చుకుంటుంది. అంటే దారం మార్చగానే టెన్షన్ మళ్లీ చూడాలి, తుక్కు ముక్క మీద మళ్లీ పది కుట్లు వేయాలి. రెక్సిన్ నుంచి తోలుకు మారినప్పుడు ఏం జరిగిందో ఇక్కడా అదే. వస్తువు మారింది, ఉచ్చు మారింది.

చివరికి ఆ జత బాగైందో లేదో తెలుసుకోవడానికి వెల్డింగ్ దాకా ఆగక్కర్లేదు. కుట్టు వరసను రెండు బొటనవేళ్ల మధ్య పట్టి విడదీసినట్టు లాగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. అంచుల మధ్య వెలుగు గీత కనిపించకూడదు. తప్పిన కుట్టు ఎక్కడ ఉన్నా అక్కడ వెలుగు తొంగిచూస్తుంది. వెలుగు దూరగలిగిన చోట రవ్వ కూడా దూరగలదు.